ప్రూయిట్‌ల ఇల్లు

టొలీడో నగరంలో బ్యాంకు వేలం వేసిన ఆ ఇంటిని మార్లీన్ లోపల చూడకుండానే కొంది. ఆసుపత్రి వంటగదిలో పనిచేసి కూడబెట్టిందంతా అందులో పోసింది. కాగితాలు చేతికొచ్చాక భర్త గస్‌తో వెళ్లేసరికి పొగగొట్టంలోంచి పొగ వస్తోంది.

తలుపు తీసింది పాత యజమాని ఎవరెట్ ప్రూయిట్. గాజు ఫ్యాక్టరీ మూతపడ్డాక వాయిదాలు కట్టలేక ఇల్లు పోగొట్టుకున్న మనిషి.

"ఈ ఇల్లు మేం కొన్నామండీ," అంది మార్లీన్.

"సంతోషం. మేమైతే అమ్మలేదు."

"బ్యాంకు అమ్మింది."

"అయితే వెళ్లి బ్యాంకులోనే కాపురం పెట్టుకోండి."

అతని వెనక ముందు గదిలో, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో అతని భార్య నోర్మా పడుకుని ఉంది. ఆమెను చూశాక మార్లీన్ గొంతు తగ్గింది. సామాను మోయడానికి గస్ ట్రక్కు తెస్తాడనీ, క్రిస్మస్ వెళ్లాక ఖాళీ చేస్తే చాలనీ చెప్పింది. ఎవరెట్ తలూపాడు. అది నమ్మి, తాముంటున్న అద్దె ఇల్లు వదిలేసింది.

క్రిస్మస్ వెళ్లింది. ఎవరెట్ తలుపు తీయడం మానేశాడు. మార్లీన్, గస్ ఇద్దరూ మార్లీన్ అక్క పాటీ ఇంటి నేలమాళిగలో తలదాచుకున్నారు.

"ఇల్లు కొన్నవాళ్లు నా వాషింగ్ మెషీన్ పక్కన, పోగొట్టుకున్నవాళ్లు దర్జాగా ఆ ఇంట్లో," అంది పాటీ. "నీ మంచితనాన్ని ఏం చేసుకుంటావే?"

ఆ చెమ్మకు గస్‌కు దగ్గు పట్టుకుంది. మార్లీన్ కోర్టుకు వెళ్లింది. ఇంకొంత గడువు ఇస్తారా అని జడ్జి అడిగితే, "ఇవ్వను," అంది.

మంచు కరిగి వీధంతా బురదగా ఉన్న రోజు ఇల్లు ఖాళీ చేయించడానికి షెరీఫ్ మనుషులు వచ్చారు. వాళ్లలో ఒకడు చిన్నప్పుడు ఎవరెట్ దగ్గర బేస్‌బాల్ నేర్చుకున్నవాడు.

"కోచ్, నాతో ఈ పని చేయించకండి."

"చెయ్యరా. జీతం తీసుకుంటున్నావుగా."

నోర్మాను దుప్పటి చుట్టి కుర్చీలో బయటికి తెచ్చారు. మార్లీన్ నిలబడ్డ చోటికి రాగానే నోర్మా ఆగమని చెయ్యెత్తింది. తిడుతుందనుకుంది మార్లీన్.

"చలికి ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ ఆరిపోతుంటుంది," అంది నోర్మా రొప్పుతూ. "కింద ఎర్ర మీట ఉంటుంది. గట్టిగా నొక్కాలమ్మా."

తిట్టినా బాగుండేదనిపించింది మార్లీన్‌కు. ఆ ఇంట్లో చేరాక ఇరుగుపొరుగు ఎవరూ పలకరించలేదు.

వేసవి రాకముందే నోర్మా ముసలివాళ్ల ఆశ్రమంలో చనిపోయింది. గస్ వద్దంటున్నా మార్లీన్ బంగాళదుంపల వంటకం చేసి, అంత్యక్రియల తర్వాతి భోజనానికి చర్చి హాలుకు తీసుకెళ్లింది. తను చేసిన తప్పేమీ లేదు. అయినా ఏదో చెప్పాలనుకుంది.

ఎవరెట్ గిన్నె అందుకుని బల్ల మీద పెట్టాడు. ఆమె మోచెయ్యి పట్టుకుని తన బంధువుల దగ్గరికి నడిపించాడు.

"ఈవిడ మార్లీన్," అన్నాడు మామూలుగా. "మా ఇంట్లో ఉంటోంది."

ఒక ముసలావిడ ఆప్యాయంగా ఆమె చెయ్యి పట్టుకుంది. "అద్దెకా, తల్లీ?"

"కాదండీ, కొన్నాం," అంది మార్లీన్.

ముసలావిడ చెయ్యి వదిలేసింది.