మూడు రాజులు బోర్లా పెట్టిన రోజు

అమావాస్య నాడు మగ్గం నడపకూడదన్నది తులసీరాం తాత పెట్టిన కట్టుబాటు. తాత నాటి చేతిమగ్గాలు పోయి ఎనిమిది మరమగ్గాలు వచ్చినా, నగరిలోని ఆ షెడ్డు ఆ ఒక్కరోజు మూగబోతుంది. ఆ పూట తులసీరాం రమ్మీ ఆడతాడు. పెళ్లిళ్లలో ఆయన కూర్చున్న చాప చుట్టూ పదిమంది నిలబడి చూస్తారు. ఆయన గొప్పంతా గెలవడంలో లేదు, డ్రాప్ చేయడంలో ఉంది. ముక్కలు నచ్చకపోతే మొదట్లోనే బోర్లా పెట్టేసి, ఇరవై కౌంటు నష్టంతో బయటపడి, చివరిదాకా ఆడి ఎనభై మోసేవాళ్లను వెర్రివాళ్లను చూసినట్టు చూస్తాడు.

అలాంటి మనిషికి కూతురు నందిత పోకర్ నేర్పుతానంది.

ఆ పిల్ల చీరలకు డిజైన్లు గీస్తుంది. ఎనిమిది మగ్గాల మీదా లోపావడ గుడ్డే నేస్తుంటే, రెండింటిని తనకిమ్మని ఏడాదిగా అడుగుతోంది. ఆయన ఏడాదిగా తీసిపారేస్తున్నాడు. ఆ రోజు మళ్లీ అడిగితే, "పేకలో నన్ను గెల్సు, ఇస్తా" అన్నాడు ఎగతాళిగా.

"నాకొచ్చిన ఆట ఆడతావా మరి?"

"నీకొచ్చిన ఆట నేర్సుకునేకి నాకు పది నిమిషాలు సాలు."

చాప పరిచారు. ఆయన భార్య చౌడేశ్వరి పక్కనే కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఆ గింజలే చెరి యాభై పంచింది. గింజలన్నీ పోయినవాళ్లు ఓడినట్టు.

"చేతికి రెండే ముక్కలు నాయనా" అని నందిత మొదలుపెట్టింది. "నేలమీద అయిదు పడతాయి, అవి ఇద్దరివీ. ముందు మూడు, తర్వాత ఒకటి, మళ్లా ఒకటి. ఏడింట్లో మంచివి అయిదు ఏరుకోవాల."

"రెండు ముక్కల్తో ఆటేంది? పిల్లోళ్లకి బొరుగులు పెట్టినట్టుండాది."

"జత కన్నా రెండు జతలు పెద్దవి. వాటికన్నా ఒకే అంకెవి మూడు. దానికన్నా వరసగా అయిదు. వరస కన్నా ఒకే గుర్తువి అయిదు పెద్దవి."

"వరస కన్నానా?" రమ్మీలో వరస లేనిదే షో లేదు. ఆ వరసను ఇక్కడ మధ్యలో పడేశారు. "ఈ ఆట పెట్టినోడికి బుద్ధి లేదు" అన్నాడు. ఇంకా పైవి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముక్కలు పడేకొద్దీ గింజలు పెంచొచ్చు. నేను పెంచినన్ని నువ్వూ పెడితే ఆటలో ఉంటావు. వద్దంటే ముక్కలు బోర్లా పెట్టేయాల, మధ్యలో ఉండేదంతా నాది. చివరిదాకా ఇద్దరం ఉంటేనే చూపించుకునేది."

"బోర్లా పెట్టేది నువ్వు నాకు నేర్పిస్తావా?" అని తులసీరాం పగలబడి నవ్వాడు.

మొదటి ఆటలు ఆయనే గెలిచాడు. జతలొచ్చాయి, గింజలొచ్చాయి. అక్షరాలు దిద్దేవాళ్ల ఆటని ఆయనకు తేలిపోయింది. ఆవులించాడు కూడా.

అప్పుడు చేతికి రెండు రాజులొచ్చాయి. నేలమీద మొదటి మూడూ ఆఠీన్లే: రాజు, తొమ్మిది, నాలుగు. మూడో రాజు పడేసరికి ఆయన ఇరవై గింజలు తోశాడు. నందిత వెంటనే ఇరవై పెట్టింది. తర్వాత కళావరు జాకీ, చివర ఇస్పేటు అయిదు పడ్డాయి. నందిత తన ముందున్న గింజలన్నీ రెండు చేతులతో మధ్యకు తోసింది.

తులసీరాం మీసం దువ్వుకున్నాడు. చేతిలో రెండు ఆఠీన్లు ఉండి, ఒకే గుర్తువి అయిదూ అయ్యుండబట్టే కదా పిల్ల ఇంత తెగించింది. రమ్మీలో లేనిది ఉందని షో కొడితే ఫుల్ కౌంటు పడుతుంది. నలభై ఏళ్లలో ఆయన ఎదుట తెలిసి తెలిసి తప్పు షో కొట్టినవాడు లేడు. కొట్టే మనుషులుంటారని కూడా ఆయన అనుకోలేదు.

"డ్రాప్" అన్నాడు, నలుగురికీ నేర్పుతున్నట్టు. "సూడు, ఆట తెలిసినోడు ఇట్ల తప్పించుకుంటాడు." మూడు రాజుల్లో తనవి రెండూ బోర్లా పెట్టాడు. మధ్యలోని గింజలన్నీ నందిత ఒళ్లోకి పోయాయి. ఆ తర్వాత నాలుగు ఆటల్లో మిగిలినవీ పోయాయి.

"అప్పుడు నీ చేతిలో ఏముండె?" అన్నాడు చివరికి.

"రెండూ, ఏడూ. ఒక్క ఆఠీనూ లేదు."

తులసీరాం మొహం మాడిపోయింది. "ఏమీ లేకుండా ఎట్ల పెడితివి మేయ్? ఇది ఆటనా, దొంగతనమా?"

"ఆటే. నీకు మంచి ముక్కలు ఉండాయని తెల్సు నాయనా. అయినా బోర్లా పెట్టేస్తావనీ తెల్సు."

చౌడేశ్వరి చింతపండు మీంచి తల ఎత్తలేదు. "కంచి పట్టు ఆర్డరు ఇంటికొచ్చిన రోజూ ఇట్లే తప్పించుకుంటివి. పెద్ద మగ్గాలు అప్పుకిస్తామన్న రోజూ అంతే. ముప్పై ఏండ్లుగా లోపావడ నేస్తా, తెలివైనోడినని తిరగతాండావు."

ఆయనకు ఒళ్లు మండింది. అయినా కోపం కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది. చాప మీది ముక్కలన్నీ ఏరి కట్టగా పేర్చాడు.

"సరే, మూలనుండే రెండూ తీస్కో."

అవి గంటకోసారి దారం తెంపే పాత మగ్గాలు.

"వాకిలి పక్కనుండే మంచివి కావాల" అంది నందిత.

తులసీరాం కళ్లెర్రజేశాడు. "మూలవే. ఇష్టమైతే తీస్కో, లేదంటే అవీ లేవు, పో."

నందిత తండ్రి మొహంలోకి నిదానంగా చూసింది. తన ముక్కలు చూసుకున్నట్టే చూసింది.

"లేవు అంటావా? నేను కదలను నాయనా, చూపించు."

ఆ బెదిరింపు వెనక ఆయన దగ్గర చూపించడానికి ఏమీ లేదు. మొలలోంచి షెడ్డు తాళంచెవి తీసి, చాప మీద గింజల పక్కన పెట్టాడు.