గురువారం వడగళ్ళు పడతాయి

మా వాతావరణ కార్యాలయంలో ఫిర్యాదుల ఫైలు ఒకటుంది. ఈ శీతాకాలంలో అందులో చేరిన నలభై రెండు ఉత్తరాలూ ఒకే మనిషి రాసినవి. ముత్యాల్లాంటి చేతిరాత, చివర్లో "ఇట్లు, ఒక పౌరుడు" అని సంతకం. ఆ పౌరుడు మా నాన్న.

నాన్న ఇదే శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాడు. ఊరికి ముప్పై కిలోమీటర్ల దూరంలో కొండ మీది కేంద్రంలో పరిశీలకుడు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి వర్షమాపకం మూత తీసి, పడిన నీళ్ళు కొలిచి, పుస్తకంలో రాసి, కింది ఆఫీసుకి ఫోన్లో చెప్పడం ఆయన ఉద్యోగం. ఆ అంకెలు పట్టుకుని రేపటి సంగతి చెప్పే కిందివాళ్ళంటే ఆయనకి మొదట్నుంచీ చులకన. ఆయన ఖర్మ కాలి నేను ఆ కిందివాళ్ళలో ఒకదాన్నయ్యాను. ఐదు ప్రాంతాలకి రోజూ వాతావరణ సూచన రాసేది నేనే. ఫిర్యాదులకి జవాబు రాసేదీ నేనే, ఎందుకంటే ఆఫీసులో ఇంకెవరూ ఆ ఫైలు ముట్టుకోరు.

పద్ధతి ఏమిటంటే, నాన్న పొద్దున్నే నడకకి వెళ్ళి, ఉత్తరాన్ని మా ఆఫీసు గేటు దగ్గరి పెట్టెలో పడేసి, పాలు పట్టుకుని ఇంటికొస్తాడు. నేను పదింటికి దాన్ని తెరిచి, నంబరు వేసి, "మీ లేఖ అందినది" అని టైపు చేసి పోస్టులో పంపుతాను. రెండు రోజులకి ఆ జవాబు మా ఇంటికే వస్తుంది. ఇంట్లో మాత్రం ఇద్దరం ఆ ఊసెత్తం.

"ఒకే గోడకి అటొకరు ఇటొకరు పడుకుంటారు, మళ్ళీ పోస్టుబిళ్ళలు తగలేస్తారు" అని అమ్మ విసుక్కుంటుంది.

నాన్న కోపమంతా "అవకాశం ఉంది" అనే మాట మీద. పదిహేడో నంబరు ఉత్తరంలో ఇలా రాశాడు: "అయ్యా, ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు జల్లులు కురిసే అవకాశం ఉందన్నారు. నాకు రేపు లాటరీ తగిలే అవకాశమూ ఉంది. ఇంతకీ పడతాయా, పడవా?" కన్నకూతుర్ని పట్టుకుని "అయ్యా" అనడం ఆయనకే చెల్లింది.

నిజానికి తప్పు నాది కాదు. మూడు వారాలుగా ఆకాశానికి మతి స్థిమితం లేదు. పొద్దున పొగమంచు, మధ్యాహ్నం మాడ్చే ఎండ, సాయంత్రానికి ఈదురుగాలి. గొడుగు పట్టుకెళ్తే చినుకుండదు, ఇంట్లో వదిలేస్తే తడిసి ముద్దవుతాం. ఇలాంటి రోజుల్లో ఆ "అవకాశం" అనే మాటే మా ఆఫీసు మొత్తానికి కూడు పెడుతోంది.

సోమవారం సాయంత్రం కొండ కేంద్రం నుంచి నాన్న పాత శిష్యుడు ఇంటికి ఫోన్ చేశాడు. స్పీకరులో పెట్టడంతో అందరం విన్నాం.

"గురువుగారూ, గురువారం నుంచి ఇక్కడ మెషీనే అన్నీ కొలుస్తుందట. ఆ రోజు ఎనిమిదిన్నరకి చేత్తో తీసేదే ఆఖరి రీడింగు. మీరొచ్చి తీయాలి. మీరు తప్ప ఇంకెవరు తీసినా బాగోదు."

నాన్న ఫోన్ పెట్టేశాడు. తర్వాత లేచి, ఉద్యోగంలో ఉండగా వేసుకున్న నీలం చొక్కా బయటికి తీసి, తనే ఇస్త్రీ చేసుకున్నాడు. ఆయన ఇస్త్రీపెట్టె పట్టుకోవడం నా జన్మలో అదే చూడడం.

కొండ మీదికి మొదటి బస్సు వెళ్ళేసరికి పదవుతుంది. కాబట్టి నాన్న స్కూటరు మీద వెళ్తాడు. ఆయనకి డెబ్బై ఒకటి, స్కూటరుకి ఇరవై రెండు, బ్రేకులు ఇద్దరికీ లేవు. దారిలో పద్నాలుగు మలుపులు.

మంగళవారం మధ్యాహ్నం ఆఫీసులో మూడు కంప్యూటర్లూ ఒకే మాట చెప్పాయి. మూడు వారాల్లో అవి ఒక మాట మీదికి రావడం అదే మొదలు. గురువారం తెల్లవారుజాము నుంచి కొండల మీద గాలి, వడగళ్ళు. వడగళ్ళు పడ్డ రోడ్డు మీద స్కూటరంటే గోలీలు పరిచిన గచ్చు మీద నడవడమే. నాకు పనిలో చెయ్యాడలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర కదిపి చూశాను.

"నాన్నా, గురువారం వెళ్ళొద్దు. వడగళ్ళు."

"పడే అవకాశం ఉందా?"

"నేను ఎగతాళికి చెప్పట్లేదు."

"మీ అవకాశాలు వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయిలే. ఆ కూర ఇటు జరుపు."

బుధవారం పెట్టెలో నలభై ఒకటో ఉత్తరం ఉంది. రెండే వాక్యాలు. "అయ్యా, గురువారం ఉదయం కొండ ప్రాంతం సంగతి ఈ సాయంత్రంలోగా తేల్చి చెప్పగలరు. నాకు అక్కడ పని ఉంది."

ఎప్పుడూ తిట్టే మనిషి మొదటిసారి అడిగాడు. నేను కాగితం ముందేసుకుని, మిగతా నాలుగు ప్రాంతాలకీ మామూలు అవకాశాలన్నీ పంచిపెట్టి, కొండ ప్రాంతం దగ్గర ఇలా రాశాను: "గురువారం ఉదయం వడగళ్ళు పడతాయి. కొండ రోడ్డు మీద ఎవరూ ప్రయాణించవద్దు."

పెద్దసారు అది చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

"ఏమ్మా, 'పడతాయి' అని ఉందేంటి?"

"పడతాయి కాబట్టి, సార్."

"నేను చేరి ఇరవై ఆరేళ్ళయింది. అలాంటి మాట ఈ గుమ్మం దాటి బయటికి పోలేదు. వెనకాల అవకాశం తగిలించు."

"తగిలిస్తే ఒక మనిషి స్కూటరేసుకుని కొండెక్కుతాడు సార్."

"ఎవరా మనిషి?"

"ఒక పౌరుడు."

ఆ పౌరుడెవరో పెద్దసారుకి తెలియక కాదు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో థర్మామీటరు చదవడం నేర్పింది నాన్నే. కాసేపు పెన్ను నములుతూ కూర్చుని, సంతకం పెట్టాడు. "తప్పితే తిట్లు మాత్రం నీవే" అన్నాడు.

సాయంత్రం ఏడింటికి నాన్న రేడియో ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. "పడతాయి" అన్న మాట దగ్గర తలెత్తి నా వైపు ఒకసారి చూశాడు. రేడియో కట్టేసి, కొండ మీదికి ఫోన్ కలిపాడు.

"నేను రావట్లేదురా. వడగళ్ళు పడతాయట. నువ్వే తీసెయ్" అన్నాడు. బతుకులో మొదటిసారి మా నాన్న నా మాట నమ్మాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

గురువారం నాకు వారపు సెలవు. ఆరింటికి లేచి కిటికీ దగ్గరికి పరిగెత్తాను. చినుకు లేదు. ఏడింటికి ఎండొచ్చింది. ఎనిమిదికల్లా ఆకాశం తోమిన కంచంలా ఉంది. మూడు వారాలుగా వీధిన పడి అల్లరి చేసిన వాతావరణం సరిగ్గా ఆ పూటే బుద్ధిమంతురాలి వేషం కట్టింది. అమ్మ దుప్పట్లన్నీ ఉతికి ఆరేసింది. సూచన రాసేదానికి అంతకంటే అవమానం ఉండదు.

నాన్న మేడ మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నీలం చొక్కా వేసుకున్నాడు. కేంద్రం ఉన్న కొండ కూడా స్పష్టంగా కనిపిస్తోంది. ఎనిమిదిన్నర అవగానే వాచీ చూసుకుని లేచి నిలబడ్డాడు. ఒక నిమిషం అలాగే నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ముప్పై నాలుగేళ్ళు ఒక్కరోజు తప్పకుండా చేసిన పనిని ఆఖరిసారి చేయనివ్వకుండా ఆపింది నేనే.

"తప్పయిపోయింది నాన్నా."

"ఎండ బాగుంది. కాసేపు కూర్చో" అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

శుక్రవారం ఆఫీసులో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. బస్సులు ఆపినవాళ్ళు తిట్టారు, దుకాణాలు మూసినవాళ్ళు తిట్టారు. కొండ మీది బడిపిల్లలు మాత్రం నాకు దండం పెట్టుకుని ఉంటారు. పెద్దసారు నా బల్ల మీద గేటు పెట్టెలోని కవరు పెట్టి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. ఫోను తీసి పక్కన పెట్టి తెరిచాను.

"అయ్యా,

గురువారం కొండ ప్రాంతంలో వడగళ్ళు పడతాయని మీ అధికారి రాశారు. పడలేదు. ఆ మేఘం రాత్రికి రాత్రే దారి మార్చుకుని కొండకి అవతల కురిసిపోయిందట. బుధవారం సాయంత్రం మా ఇంటి గోడ మీది బారోమీటరు కూడా మీ అధికారి మాటే చెప్పింది. దాన్ని నేను ఒకటి పీకాను. ఆ కుర్చీలో నేనున్నా 'పడతాయి' అనే రాసేవాణ్ణి.

కొండ కేంద్రంలో ఆఖరి రీడింగు: వర్షం సున్నా. సున్నా కొలవడానికి నేనక్కడ ఉండక్కర్లేదు.

ఇకమీదట 'అవకాశం ఉంది' అనే రాసుకోండి. నాకు అభ్యంతరం లేదు.

సదరు అధికారి గురువారం రెండు పూటలా అన్నం ముట్టలేదని విశ్వసనీయంగా తెలిసింది. దీని మీద తక్షణం చర్య తీసుకోగలరు.

ఇట్లు,
ఒక పౌరుడు."

అమ్మ పొద్దున బలవంతంగా సంచిలో కుక్కిన డబ్బా అలాగే ఉంది. బల్ల మీదే తెరిచి, ముక్కు తుడుచుకుంటూ, మెతుకు మిగల్చకుండా తిన్నాను. తర్వాత ఫిర్యాదుల రిజిస్టరు తీసి నలభై రెండో నంబరు వేశాను. "తీసుకున్న చర్య" అనే గడిలో ఎప్పుడూ "జవాబు పంపడమైనది" అని రాస్తాను. ఈసారి "అన్నం తిన్నాను" అని రాసి సంతకం పెట్టాను.