తూర్పు తలుపు దగ్గర ఫోటో

కంప్యూటర్ తెరమీద పోస్టాఫీసు మెల్లగా తిరుగుతోంది. ముందువైపు మెట్లు, లావాటి స్తంభాలు, పడమటి కిటికీలు, వెనక వరండా. ఇంకాస్త తిరగ్గానే నల్లటి కన్నం. తూర్పు గోడ లేదు.

నవ్యశ్రీ మౌస్ వదిలేసి కుర్చీలో వెనక్కి వాలింది. ఇవాళ శనివారం. మంగళవారం ఉదయానికి ఆ కన్నం పూడకపోతే, ఫిలిప్పీన్స్‌లో ఉన్న ఆ పోస్టాఫీసు నేలమట్టమవుతుంది.

ఆ ఊరు ఆమె ఎప్పుడూ చూడలేదు. జగిత్యాల నుంచి జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్ వచ్చి ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తోంది. ఫోటోలను ఒకదానికొకటి కలిపి కట్టడాలకు త్రీడీ మోడళ్ళు తయారుచేయడం ఉద్యోగం. ఈ పోస్టాఫీసు మాత్రం ఆఫీసు పని కాదు. పై అంతస్తులో ఉండే మిండా కోసం చేస్తోంది.

మిండా ఆసుపత్రిలో నర్సు. నవ్యశ్రీ కోవిడ్‌తో క్వారంటైన్‌లో పడి ఉన్నన్నాళ్ళూ తలుపు బయట గిన్నె పెట్టి, బెల్ కొట్టి, పరుగున మెట్లెక్కిపోయేది. గిన్నెలో అల్లం దట్టించి కాచిన చికెన్ గంజి. కోలుకున్నాక గిన్నె తిరిగివ్వడానికి వెళ్తే, “నన్ను జర్మన్లలాగా ఫ్రావ్ అనీ గీవ్ అనీ పిలవకు. ఆతే అను. మా భాషలో అక్క” అంది. అప్పట్నుంచీ ఆతేనే.

డిసెంబర్లో మిండా ఊరు సాంతా ఫెలిసాను తుఫాను కొట్టింది. పగడపు రాళ్ళతో కట్టిన వందేళ్ళ నాటి పోస్టాఫీసు కప్పు ఎగిరిపోయింది. తూర్పు గోడ తుఫానుకే కూలిందనీ, మిగతాది కూడా నిలబడదనీ మున్సిపల్ ఇంజనీరు రిపోర్టు రాశాడు. కొట్టేసి షాపింగ్ కాంప్లెక్స్ కడతామని ఒక కాంట్రాక్టరు సిద్ధంగా ఉన్నాడు. పాత కట్టడాలను కాపాడే సంఘం వాళ్ళు ఒకే మాట చెప్పారు. “ఆ భవనం ఎలా ఉండేదో కొలతలతో సహా చూపించండి. మళ్ళీ అలాగే కట్టొచ్చని మేం వాదిస్తాం.” కూల్చాలా వద్దా అన్నది మంగళవారం మున్సిపల్ కౌన్సిల్ మీటింగులో తేలుతుంది, అక్కడ మిండా వీడియో కాల్‌లో చూపించాలి. కానీ ప్లాన్లు ఎప్పుడో చెదలు తినేశాయి.

ప్లాన్లు లేకపోయినా ఫోటోలు ఉన్నాయి. సాంతా ఫెలిసాలో ఒక ఆనవాయితీ ఉంది. పరాయి దేశం వెళ్ళే ప్రతి మనిషీ బస్సెక్కే ముందు పోస్టాఫీసు మెట్లమీద సూట్‌కేసు పక్కన నిలబడి ఫోటో దిగాలి. దుబాయి, రియాద్, మిలాన్, సముద్రంలో తిరిగే ఓడలు... మిండా ఫేస్‌బుక్‌లో అడగ్గానే అన్ని చోట్ల నుంచీ ఫోటోలు వచ్చిపడ్డాయి. జుట్టు దువ్వే తీరు మారింది, సూట్‌కేసులకు చక్రాలొచ్చాయి, మెట్లు మాత్రం అవే. ఇంకా నిలబడి ఉన్న పడమటి, వెనక గోడల ఫోటోలను ఊళ్ళోవాళ్ళు ఇప్పుడే తీసి పంపారు.

“అరె, శనివారం కూడా వదలవా నవ్యా?” వీడియో కాల్‌లో అబ్రార్ ఆవలించాడు. హైదరాబాద్ మల్లేపల్లి మనిషి, ఆమెతో పాటే పనిచేస్తాడు. ఇంట్లో ఒంటరిగా పనిచేసి పిచ్చెక్కకుండా ఇద్దరూ కాల్ పెట్టుకుని కూర్చోవడం అలవాటైంది.

“తూర్పు వైపు ఒక్క ఫోటో లేదు అబ్రార్ భాయ్.”

“ఎట్ల ఉంటది? అందరూ పోయేటోళ్ళే దిగిన్రు. పోయేటోడు ముందట నిలబడతడు, పక్కకెందుకు పోతడు?”

“సలహా చెప్పమంటే సామెతలు చెప్తవేంది?”

“బిర్యానీ చేసి పిలువు, సలహా కూడా చెప్త.”

అంతలో ఫోన్ మోగింది. జగిత్యాల నుంచి అమ్మ.

“బిడ్డా, పార్సెల్ అందింది. ఫోటో పెట్టిన, చూసినవా?”

“పని మీదున్ననమ్మా, చూస్త.”

“ఇప్పుడే చూడు. మీ నాయిన రెండుసార్లు తీసిండు. మొదటిదాంట్ల నా కండ్లు మూసుకున్నయ్.”

నవ్యశ్రీ ఫోటో తెరిచింది. అమ్మ మాస్కు గడ్డం కిందికి దించి, పార్సెల్‌ను బహుమతిలా గుండెకు ఆనించి పట్టుకుని నిలబడింది. ఇంటికి వెళ్ళేదాకా ఆగలేదు. వెనకాల పోస్టాఫీసు కిటికీ ఊచలు, గోడమీద రంగు ఊడిన చోటు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

ఆమె ఆ గోడ వైపు చూస్తూ ఉండిపోయింది.

“అమ్మా, నువ్వు దేవతవే.”

“మరి చాక్లెట్లు గింత తక్కువ పంపినవేంది?”

నవ్యశ్రీ ఫోన్ పెట్టేసి మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. మిండా డ్యూటీకి వెళ్ళబోతూ బూట్లు వేసుకుంటోంది.

“ఆతే, మీ ఊళ్ళో పార్సెళ్ళు ఎక్కడ ఇస్తారు?”

“పక్క తలుపు దగ్గర.”

“ఏ పక్క?”

మిండా చేతిలో బూటు అలాగే ఆగిపోయింది. “తూర్పు పక్క” అంది నెమ్మదిగా.

ఊరు విడిచి వెళ్ళినవాళ్ళ ఫోటోలు మెట్ల మీద ఉంటే, వాళ్ళు పంపినవి అందుకున్నవాళ్ళ ఫోటోలు తూర్పు తలుపు దగ్గర ఉన్నాయి. పెట్టె అందిందని పంపినవాడికి చూపించాలి కదా. మిండా మళ్ళీ అడిగితే ఆదివారం సాయంత్రానికల్లా అవీ వచ్చాయి. కార్టన్లు పట్టుకున్న అమ్మమ్మలు, రేడియో ఎత్తి చూపిస్తున్న తాత, పెట్టెమీద కూర్చోబెట్టిన పసిపాప. ప్రతి ఒక్కరి వెనకా కొంచెం గోడ. నవ్యశ్రీ వాటిని మోడల్‌లోకి ఎక్కిస్తుంటే నల్లటి కన్నం అంచుల నుంచి పూడుకుంటూ వచ్చింది. తలుపు, దానిపైన కమాను, రాయి రాయి మధ్య సున్నం గీత.

“క్యా బాత్ హై!” అన్నాడు అబ్రార్. “గోడ లేచింది. నా బిర్యానీ ఏది?”

నవ్యశ్రీ ఒక ఫోటో దగ్గర ఆగిపోయింది. తూర్పు తలుపు పక్కన ఖాళీ స్థలం, దాని అవతల కొబ్బరి చెట్లు. మిగతా అన్ని ఫోటోల్లోనూ చెట్లకు మట్టలున్నాయి. ఈ ఒక్కదాంట్లో లేవు. మొండి బోదెలు మాత్రమే నిలబడ్డాయి.

“భాయ్, కొబ్బరి చెట్లకు తలల్లేవు.”

“తుఫాన్ల పోయుంటయ్.”

“అదే చెప్తున్న. ఇది తుఫాను అయినాక తీసిన ఫోటో. గోడ చూడు.”

గోడ నిటారుగా ఉంది. ఒక్క పగులు లేదు.

అబ్రార్ నవ్వు ఆపేశాడు. “అంటే తుఫాన్ల పడలే. ఎవరో పడగొట్టిన్రు.”

ఫోటోలో ఒక సన్నటి మనిషి పెట్టె పట్టుకుని నవ్వుతున్నాడు. పెట్టెమీద కైసర్స్‌లౌటర్న్ నుంచి పంపిన చీటీ. పంపినవారి పేరు మిండాది.

సోమవారం ఉదయం మిండా డ్యూటీ దిగి వచ్చేసరికి నవ్యశ్రీ మెట్ల దగ్గరే ఉంది. ఏమీ వివరించలేదు. ఫోటో చూపించి, చెట్లమీదా గోడమీదా వేలు పెట్టింది.

మిండా ఫోటోను పెద్దది చేసి చూసింది. మాస్కు బిగువుకి ముక్కుమీద పడిన గీత ఇంకా ఎర్రగా ఉంది.

“వీడు మా తమ్ముడు జున్‌జున్. తుఫాను తర్వాత నేను పంపిన టార్చిలైట్లూ మందులూ అవి. కప్పు లేదు కదా, అప్పుడు పోస్టాఫీసు వాళ్ళు బల్ల బయట వేసుకుని ఇచ్చార్ట. ఫోటో రాగానే వాడి మొహమే చూశాను. చిక్కిపోయాడనుకున్నాను. వెనకాల ఏముందో చూడలేదు. నిన్న నీకు పంపినప్పుడూ చూడలేదు.”

“గోడ తుఫానుకి పడిందని నీకు ఎవరు చెప్పారు ఆతే?”

“వాడే.”

నవ్యశ్రీకి తెలియని సంగతి ఇంకొకటి మిండా నోటి నుంచి వచ్చింది. జున్‌జున్ పడవ తుఫానులో పోయింది. జనవరి చివర్లో ఆ కాంట్రాక్టరు దగ్గరే పనికి కుదిరాడు. జేసీబీ నడుపుతాడు.

“ఈ ఫోటో తీసేస్తాను” అంది నవ్యశ్రీ. “మిగతావాటితో మోడల్ నిలబడుతుంది. ఎవరికీ తెలియదు.”

“మోడల్ నిలబడుతుంది. గోడ గాలికే పడిందని ఇంజనీరు అంటాడు. పడిపోయేదాన్ని మళ్ళీ ఎందుకు కట్టాలంటాడు. అప్పుడేం చెప్పను?”

గోడ తుఫానును తట్టుకోవడం ఊళ్ళో చూసినవాళ్ళున్నా, రుజువుగా చూపించడానికి ఉన్నది ఆ ఫోటో ఒక్కటే. జేసీబీ తాళం ఎవరి చేతిలో ఉందో ఊరంతా ఎరిగినదే.

మిండా మెట్టుమీదే కూర్చుని తమ్ముడికి ఫోన్ చేసింది. మధ్యమధ్యలో ఇంగ్లీషు దొర్లే వాళ్ళ భాష. నవ్యశ్రీ లేచి వెళ్ళబోతే చెయ్యి పట్టి ఆపింది. తర్వాత ప్రతి మాటా చెప్పింది కూడా.

“గోడ నువ్వే పడగొట్టావా?”

“ఎవరు చెప్పారు?”

“నువ్వే చెప్పావు. నాకు పంపిన ఫోటోలో.”

అవతల కోడి కూత, మోటార్ సైకిల్ చప్పుడు. ఆ తర్వాత, “ఒరిగిపోయిందన్నారు ఆతే. ఎవరిమీదైనా పడుతుందన్నారు.”

“ఒరిగిందా?”

మోటార్ సైకిల్ చప్పుడు దూరమైంది.

“రేపు మీటింగులో ఆ ఫోటో చూపిస్తాను జున్‌జున్. ఈలోగా నువ్వే వెళ్ళి చెబితే మంచిది.”

“నా ఉద్యోగం?”

“ఉద్యోగం దొరికేదాకా నేను పంపిస్తాను.”

“ఎప్పుడూ నువ్వే పంపిస్తావు” అని అతను కాల్ కట్ చేశాడు.

మంగళవారం ఉదయం కైసర్స్‌లౌటర్న్‌లో వాన పడుతోంది. సాంతా ఫెలిసాలో అప్పటికి మధ్యాహ్నం. తెరమీద కౌన్సిల్ సభ్యులు మాస్కులతో దూరం దూరంగా కూర్చున్నారు. మిండా పక్కన నవ్యశ్రీ లాప్‌టాప్ పట్టుకుని మోడల్ తిప్పింది. తూర్పు తలుపు రాగానే ఒక ముసలి సభ్యురాలు లేచి తెర దగ్గరకొచ్చి, “ఇక్కడే మా ఆయన పంపిన కుట్టుమిషన్ తీసుకున్నాను” అంది. గదిలో నవ్వులు.

ఇంజనీరు నవ్వలేదు. “బొమ్మ బాగుంది. అసలు గోడ మాత్రం ఒక్క తుఫానుకే పడింది. బలం లేని కట్టడం.”

మిండా ఒక్క క్షణం తెరమీద కనిపిస్తున్న ఆ గది తలుపు వైపు చూసింది, ఎవరో వస్తారన్నట్టు. జున్‌జున్ ఆ మీటింగులో ఎక్కడా లేడు.

“ఫోటో పెట్టు నవ్యా” అంది.

తలల్లేని కొబ్బరి చెట్లు, నిటారుగా గోడ, నవ్వుతున్న మనిషి. ఫోటో తెర నిండా పరుచుకుంది.

“పెట్టె పట్టుకున్నవాడు నా తమ్ముడు” అంది మిండా. “చీటీమీద తేదీ చూడండి. తుఫాను తర్వాత నేను ఇక్కణ్ణుంచి పంపిన పెట్టె. ఈ గోడను గాలి పడగొట్టలేదు. నా తమ్ముడు జేసీబీతో పడగొట్టాడు. ఎవరు చెప్తే పడగొట్టాడో మీరు కనుక్కోండి.”

ఇంజనీరు కాగితాలు సర్దుకున్నాడు. అంతకు ముందు లేచిన ముసలావిడే మళ్ళీ మాట్లాడింది. విచారణ తేలేదాకా ఒక్క రాయి కదలకూడదంది. చేతులు లేచాయి. కూల్చివేత ఆగిపోయింది.

మిండా మైకు ఆపి, లాప్‌టాప్ మూసి, బూట్లు విప్పకుండానే సోఫాలో పడుకుంది.

“నిద్రపో ఆతే” అని నవ్యశ్రీ దుప్పటి కప్పింది.

జున్‌జున్ ఆ రోజు ఫోన్ చేయలేదు. ఆ వారమంతా చేయలేదు. మిండా డ్యూటీకి పోయింది, వచ్చింది. మెట్లమీద ఎదురైతే మార్చి నెల చలి గురించీ, మాస్కుల ధర గురించీ మాట్లాడింది. తమ్ముడి గురించి నవ్యశ్రీ అడగలేదు. ఊళ్ళో అతను పని మానేశాడని మాత్రం ఎవరో చెప్పగా తెలిసింది.

తర్వాతి ఆదివారం బెల్ మోగింది. తలుపు తీస్తే గిన్నె లేదు. మిండా ఉంది, ఫోన్ ముందుకు చాచి.

ఫోటోలో వాళ్ళ ఇంటి పెరడు. నీలం టార్పాలిన్ సగం పైకెత్తి ఉంది. దాని కింద పగడపు రాళ్ళు వరుసలుగా పేర్చి ఉన్నాయి. ముందు జున్‌జున్. రెండు చేతులా ఒక రాయిని గుండెకు ఆనించి పట్టుకున్నాడు, పార్సెల్ పట్టుకున్నట్టే. నవ్వడం లేదు. కింద ఒకే వాక్యం. మిండా చదివి చెప్పింది.

“సముద్రంలో పోసెయ్యమన్నారు, నా వల్ల కాలేదు.”

“అన్నీ ఉన్నాయా ఆతే?”

“ఉన్నాయంటున్నాడు. రేపు వాటిని మున్సిపాలిటీకి అప్పగిస్తాడట. ఎవరు చెప్పారో కూడా చెప్తాడట.” కళ్ళు తుడుచుకుని, వెంటనే చిరాకుపడింది. “చూడు, మళ్ళీ చిక్కిపోయాడు వెధవ.”

నవ్యశ్రీ ఈసారి మొహం వెనకాల చూసింది. రాళ్ళ లోపలి పక్క, ఏ ఫోటోలోనూ కనిపించని పక్క, ఇందులో కనిపిస్తోంది. సున్నం ఇంకా అంటుకునే ఉంది.

“ఇది నాకు పంపు ఆతే. మోడల్‌లో పెట్టాలి.”

“ముందు తిందువు గాని రా” అంది మిండా, మెట్లెక్కుతూ. “గంజి పొయ్యిమీదుంది.”