జిమిలికి యూనిఫాం

గాల్లో మేడలు కట్టేవాళ్ళను చాలామందిని చూశాను. గాలికి గౌను కుట్టింది మాత్రం మా వీధిలో నేనొక్కదాన్నే. ఎందుకు కుట్టావని అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా చెబుతాను, నా నోట్లో నువ్వుగింజ నానదు.

నాది కుట్టుపని. ఇంటి ముందుగదే షాపు. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, ఇస్త్రీ చేసిన బట్టలు తగిలించే కడ్డీ, బల్లకింద ఒక చిన్న పీట. ఆ పీట నా మనవరాలిది. దాని అసలు పేరు బళ్ళో రాయించడానికే పనికొస్తుంది, ఇంట్లో అందరం పిడుగనే పిలుస్తాం. పిడుగు ఎప్పుడు కూచున్నా పీటలో సగం మీదే కూచుంటుంది. మిగతా సగం జిమిలిది.

జిమిలి పిడుగు స్నేహితురాలు. పిడుగుకి తప్ప ఇంకెవరికీ కనపడదు. వానొస్తే తడవదు, అన్నం పెట్టమనదు, తిట్టినా ఎదురు చెప్పదు. ఆ చివరి గుణం వల్ల నాకు కాస్త నచ్చింది కూడా. ఒకసారి పీటను కాలితో పక్కకి తోశానని పిడుగు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అమ్మమ్మా, దాని కాలు తొక్కావు" అంది. అప్పటినుంచి పీటను చేత్తోనే జరుపుతున్నాను. ఏం చేస్తాం, ఎవరి కాలైనా తొక్కడం తప్పే కదా.

నా కూతురు ఆసుపత్రిలో నర్సు. అల్లుడు లారీ నడుపుతాడు, ఇంట్లో ఉన్నదానికంటే రోడ్డు మీద ఉండేదే ఎక్కువ. కత్తెరలూ సూదులూ ఉన్న షాపులో పసిదాన్ని రోజంతా వదల్లేక, పిల్ల పుట్టినప్పటినుంచీ నా కూతురు నైట్ డ్యూటీలే చేసింది. పగలు ఇంట్లో పిల్లతో ఉండేది. ఉండేదంటే, కళ్ళు తెరుచుకుని నిద్రపోయేది. కూరలో ఉప్పు వేశానో లేదో తెలియక రెండుసార్లు వేసేది. 

పిల్ల బడికెళ్తే పగటి డ్యూటీకి మారొచ్చు. కిందటేడు ఆ ప్రయత్నమూ అయింది. పిడుగు గేటు ఊచలు పట్టుకుని ఏడ్చిన ఏడుపుకి వీధి వీధంతా బయటికొచ్చింది. వారం తిరక్కుండా పిల్లను ఇంటికి పంపేశారు, నా కూతురు మళ్ళీ రాత్రుల్లోకి వెళ్ళిపోయింది. ఈ ఏడు ఇంకో బడి. సోమవారం నుంచి డే డ్యూటీ ఇచ్చారు. ఈసారి కూడా పిల్ల వెనక్కొస్తే ఇంక మార్చమని అడగొద్దని పెద్ద నర్సు ముందే చెప్పేసింది.

శనివారం పొద్దున పిడుగు పీట మీంచి లేచి బల్లకి ఆనుకుంది.

"అమ్మమ్మా, జిమిలికి యూనిఫాం లేదు. యూనిఫాం లేకుండా బడికి రానంటోంది."

"రాకపోతే మానెయ్యమను."

"అయితే నేనూ మానేస్తా."

పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. ఎవరి పోలికో అడక్కండి.

నా కూతురు నవ్వింది. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందమ్మా. రేపు ఆ పిల్లకి ఫీజు కూడా కట్టమంటుంది" అంది. నవ్వింది గానీ, మొహంలో భయం నాకు కనపడింది.

బడులు తెరిచే రోజులు. పేటలో పిల్లలందరి యూనిఫాంలూ నా నెత్తిమీదే ఉన్నాయి, తల గోక్కునే తీరిక లేదు. పిడుగు బడి నీలం గుడ్డ మిగిలితే మడత పెట్టి, పిడుగు కొలతలకే ఇంకో గౌను కత్తిరించి, గబగబా కుట్టి చేతిలో పెట్టాను. పీడా వదిలిందనుకున్నాను.

పిడుగు ఆ గౌను తొడుక్కుని అటూ ఇటూ తిరిగి, విప్పి బల్లమీద పెట్టింది.

"ఇది నాది."

"జిమిలిదే."

"దానిదైతే నాకెలా సరిపోయింది? నువ్వు దాన్ని కొలవలేదు. అది లేనే లేదనేగా నీ ఉద్దేశం?"

తాతకు దగ్గులు నేర్పుతున్నావా అని కసురుదామనుకున్నాను. కానీ తప్పు నాదే. నా బతుకంతా షాపుకొచ్చినవాళ్ళకి చెప్పింది ఒకటే మాట: మనిషినైనా తీసుకురండి, ఆది గౌనైనా తీసుకురండి, కొలవకుండా కత్తెర పెట్టను. ఆ మాట పిడుగు ఈ పీటమీద కూచుని ఎన్నిసార్లు విందో. ఇప్పుడు దాని స్నేహితురాలి దగ్గరే నేను మాట తప్పాను. పిల్ల నా వైపు వీపు పెట్టి కూచుంది. నాకు నిజంగా సిగ్గేసింది.

ఆదివారం మధ్యాహ్నం షాపు తలుపు దగ్గరికేసి, టేపు మెళ్ళో వేసుకున్నాను.

"జిమిలిని పీట ఎక్కించు" అన్నాను.

పిడుగు కళ్ళు ఇంతయ్యాయి. ఎక్కించింది. టేపు ఒక కొస పిడుగు పట్టుకుంది, ఇంకో కొస నేను. భుజం ఇక్కడిదాకా అంది. పొడుగు తనకంటే జానెడు ఎక్కువట. ఛాతీ కొలవడానికి గాలి చుట్టూ టేపు తిప్పితే, "బిగించకు, దానికి గిలిగింతలు" అంది. వదులు చేశాను. ఎడమచేతి వాటమట, జేబు ఎడమవైపు పెట్టమంది.

"ఊపిరి పీల్చుకోమను" అన్నాను. పిల్లలందరికీ చెప్పే మాటే, నోటికి అలవాటుగా వచ్చేసింది.

పిడుగు నవ్వి నవ్వి నేలమీద కూలబడింది. "పీల్చుకుంది అమ్మమ్మా, పొట్ట కూడా ఉబ్బింది" అంది. నేనూ నవ్వాను. గుడ్డ మీద సుద్దగీతలు వంకర పోయేంత నవ్వాను.

పిల్లల బట్టకి పక్కల్లో నేనెప్పుడూ కాస్త గుడ్డ వదిలి రెండు కుట్లు వేస్తాను. పిల్ల ఒళ్ళు చేస్తే లోపలి కుట్టు విప్పితే చాలు, బట్ట మళ్ళీ సరిపోతుంది. జిమిలికీ అలాగే వేశాను. నా కూతురు వచ్చి చూసింది.

"గాలి కూడా ఒళ్ళు చేస్తుందా అమ్మా?"

"పిల్లలన్నాక పెరగరూ?" అన్నాను. అది నా భుజం మీద తల పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

సోమవారం పొద్దున నా కూతురు వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ డ్యూటీకి వెళ్ళింది. నేను పిడుగుని బడికి తీసుకెళ్ళాను. దారిలో బురద ఉందని, జిమిలి గౌను బడి దగ్గరే తొడుక్కుంటుందని పిడుగు చెప్పింది కాబట్టి దాన్ని మడిచి నా సంచీలో పెట్టుకున్నాను.

గేటు దగ్గర సగంమంది పిల్లలు ఏడుస్తున్నారు. పిడుగు చెయ్యి నా చేతిలోంచి జారింది. చూస్తే గేటు ఊచ పట్టుకుంది. రెండో చేత్తో ఇంకో ఊచ పట్టుకుంది. అయిపోయింది, మళ్ళీ మొదలు అనుకున్నాను. కూతురి మొహం కళ్ళముందు మెదిలింది.

ఆ పక్కనే ఇంకో పిల్ల వెక్కుతోంది. పిడుగు కంటే పొడుగు, బూరె బుగ్గలు, ఒంటి మీద పసుపు గౌను. తండ్రి గోడలకి రంగులేసేవాడిలా ఉన్నాడు, చొక్కా నిండా సున్నం మరకలు.

"కొత్తగా వచ్చామండీ. టైలరు ఇంకా కుట్టివ్వలేదు. రంగుబట్టల్లో లోపలికి వెళ్ళనంటోంది" అన్నాడు.

ఎవడా టైలరని పళ్ళు నూరుకున్నాను. నేను కాదు లెండి.

"అందరూ నన్నే చూస్తారు" అంది ఆ పిల్ల.

పిడుగు ఒక చెయ్యి వదిలి ఆ పిల్లని ఎగాదిగా చూసింది. పక్కకి తిరిగి ఎవరూ లేనిచోట ఏదో గుసగుసలాడింది. విని, తలూపింది.

"అమ్మమ్మా, ఆ గౌను ఇవ్వు."

"మరి జిమిలో?"

"అడిగాను. సరేనంది."

తొడిగాను. పొడుగు చక్కగా సరిపోయింది, పక్కలు బిగుతు, గుండీ అందలేదు. ఆ పిల్ల పెదవి మళ్ళీ వణికింది. "ఆగవే తల్లీ" అని గౌను తీసి, తిరగేసి, బడి మెట్లమీదే కూచుని, సంచీలోంచి చిన్న కత్తెర తీసి లోపలి కుట్లు రెండువైపులా పరపరా విప్పేశాను. మళ్ళీ తొడిగితే గుండీ పట్టింది. ఒంటికి అతికినట్టుంది. నా చేతిపనికి నాకే గర్వమనిపించింది.

ఆ పిల్ల జేబులో చెయ్యి పెట్టుకోబోయి తడుముకుంది. "జేబు ఇటుందేంటి?"

"జిమిలిది ఎడమచేతి వాటం" అంది పిడుగు.

"జిమిలి ఎవరు?"

"లోపల చెప్తా, రా."

గేటు ఊచ వదిలేసింది. ఇద్దరూ చేతులు పట్టుకుని వెళ్ళిపోయారు. నేను ఊపిరి తీసుకునేలోపు పిడుగు మళ్ళీ పరిగెత్తుకుంటూ వచ్చింది. 

"అమ్మమ్మా, జిమిలి ఇవాళ నీతోనే ఉంటుంది. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకో. దానికి బస్సులంటే భయం."

పట్టుకున్నాను. పక్కింటావిడ చూసి ఎవరి చెయ్యి అది అని నవ్వింది. "నీ కళ్ళకి అద్దాలు మార్పించుకో" అని నా దారిన నేను వచ్చేశాను.

సాయంత్రం పిడుగు బడి కబుర్లు చెబుతూ ఇల్లంతా తిరిగింది. ఆ బుగ్గల పిల్లకి జిమిలి గురించి వింటేనే బాగా నచ్చిందట. రేపు ముగ్గురూ పక్కపక్కనే కూచుంటారట. నా కూతురు ఆసుపత్రి నుంచి వచ్చి, షాపులోనే చాప మీద పడుకుని వింటూ, నవ్వుతూ, ఒక మాట మధ్యలోనే నిద్రపోయింది. బయట ఇంకా వెలుగుంది. అంత గాఢంగా అది నిద్రపోవడం చూసి ఎన్నాళ్ళయిందో. నాకు ఏడుపొచ్చింది, సంతోషానికే.

పిడుగు తల్లి మొహంలోకి వంగి చూసి, పీటవైపు తిరిగి వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"జిమిలీ, మెల్లగా. అమ్మ పడుకుంది."

నేను మిషన్ ఆపి, పీటకి కాలు తగలకుండా చుట్టూ తిరిగి వెళ్ళి, కిటికీ తలుపులు దగ్గరికేశాను.