తలుపు మూసి పాడిన రోజు

"మూడో కూత రానీయాకు తేజూ, క్లయింటు లైన్లో ఉండాడు" అన్నాడు మా ఆయన గిరీష్, హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి పక్కకు జరిపి. నేను పరుగెత్తి కుక్కర్ కింద స్టవ్ ఆర్పేశాను. ఆ పూట పప్పు ఉడకలేదు. ఎందుకు ఉడకలేదని మా అత్తగారు కమలమ్మ అడిగితే, జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం నేనే.

మా ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. నన్ను పాడొద్దన్నవాళ్ళూ లేరు. "పాడుకో, ఎవరొద్దన్నారు? రవ్వంత మెల్లగా పాడుకో" అంటాడు గిరీష్. "మా కోడలికి సంగీతమొచ్చు" అని అత్తగారు లింగంపల్లి చుట్టాల దగ్గర గొప్పగా చెప్పుకుంటుంది కూడా. ఆ 'మెల్లగా' అన్నది పదకొండేళ్ళలో నా గొంతును ఎంత కిందికి దించిందో నేనే గమనించలేదు. ఆయన కాల్ వేళ, ఆవిడ కునుకు వేళ, పక్క ఫ్లాటు పసిబిడ్డ నిద్ర వేళ, ఇవన్నీ పోగా మిగిలిన వేళలో వంట. కడపలో పెళ్ళికి ముందు మేడ మీద కూర్చుని పై షడ్జం అందుకుంటే వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినపడేదట. అలాంటిదాన్ని పోపు చిటపటల్లో కలిసిపోయేంత సన్నగా పాడడం నేర్చుకున్నాను. అదీ ఒక విద్యే, ఎవరూ బిరుదు ఇవ్వరంతే.

నల్లగండ్లలో ఒక బడివాళ్ళు సంగీతం టీచరు కావాలన్నారు. పది నిమిషాలు పాడి, వెనకాల ఏ చప్పుడూ లేకుండా రికార్డు చేసి శుక్రవారం సాయంత్రానికల్లా పంపమన్నారు. ఇంట్లో మూడుసార్లు ప్రయత్నించాను. మొదటిదాంట్లో నా పాట వెనక గిరీష్ "స్క్రీన్ కనిపిస్తోందా?" అని అడుగుతున్నాడు. రెండోదాంట్లో సీరియల్లో ఎవరో ఏడుస్తున్నారు. మూడోదాంట్లో అత్తగారు ఎండుమిరపకాయలు యాడ పెట్టినావని నన్నే పిలుస్తోంది.

ఖాజాగూడలో మేముండే అపార్టుమెంటు క్లబ్‌హౌసులో ఒక డబ్బా గది ఉంది. గోడలకు మెత్తలు, గాజు తలుపు, ఇద్దరు నిలబడేంత చోటు. లోపలి మోత బయటికి రాదు, బయటి గోల లోపలికి పోదు. పిల్లల డ్రమ్ముల కోసం, పాట సాధన చేసుకునేవాళ్ళ కోసం అసోసియేషన్ వాళ్ళు కొన్నారు. నెల తిరక్కుండానే అది మగవాళ్ళ ఆఫీసు కాల్స్ గది అయిపోయింది. వేళలు రాసే పుస్తకం భూలక్ష్మి దగ్గర ఉంటుంది. ఆమె ఖాజాగూడ ఊరి మనిషే, క్లబ్‌హౌసు ఊడ్చి తుడిచి తాళాలు చూసుకుంటుంది. శుక్రవారం పొద్దున నేను పుస్తకం తెరిచేసరికి పదింటి ఎదురుగా మా ఆయన పేరే ఉంది. మూసేసి వెనక్కి తిరిగాను.

"ఏందమ్మా, పాట కోసమా?" అంది భూలక్ష్మి.

"ఆ. మా వారికి కాల్ ఉన్నట్టుంది. పోనీలే."

"గట్లెట్ల పోనిస్తవ్? గిది పాటల డబ్బ, ఫోన్ల డబ్బ గాదు. పాడేటోల్లు లేకుంటేనే ఫోన్లు అని బోర్డు మీద రాసుంది గద" అంటూ ఆ పేరు మీద ఒక్క గీత గీసింది.

లోపలికెళ్ళి ఫోన్ నిలబెట్టి, శ్రుతి పెట్టుకుని మొదలుపెట్టాను. భూలక్ష్మి తల లోపలికి పెట్టింది. "తలుపు సందు ఎందుకిడిసినవమ్మా? సందుంటే డబ్బ ఎందుకు?"

"ఎవరైనా పిలిస్తే వినపడాలి కదా" అన్నాను. అనేశాకగానీ తెలియలేదు, స్నానాల గదిలో కూడా నేను గడియ పెట్టుకుని ఎన్నేళ్ళయిందో.

"పిలవనీ. ఎవ్వలొచ్చినా నేనున్న. జర ఫికర్ లేకుండ పాడు" అని తలుపు నొక్కి మూసింది. ఆమె కడుపు చల్లగా ఉండ, అంత మాట నాతో ఎవరూ అనలేదు.

తలుపు పడగానే చెవులు గుయ్యిమన్నాయి. నా ఊపిరి నాకే వినపడింది. కల్యాణి ఎత్తుకున్నాను. గొంతు అలవాటుగా కిందే తచ్చాడింది. పై షడ్జం దగ్గర మొదటిసారి జీర పోయింది. ఆపి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదటినుంచి రికార్డు చేశాను. ఈసారి అందింది. అందింది, నిలబడింది కూడా. ఏడుపొచ్చింది. సంతోషానికే.

ఏడో నిమిషంలో గాజు అవతల గిరీష్ కనిపించాడు. చంకలో లాప్‌టాప్. పెదవులు కదులుతున్నాయి, ఒక్క మాటా వినపడడం లేదు. వాచీ చూపించాడు, రమ్మని చెయ్యి ఊపాడు. భూలక్ష్మి తలుపుకు అడ్డంగా నిలబడింది. నా కాళ్ళు అలవాటు కొద్దీ ఒక అడుగు ముందుకు వేశాయి. రెండో అడుగు వెయ్యలేదు. ఆయన ముఖం చూస్తూనే మిగిలిన మూడు నిమిషాలూ పూర్తిగా పాడాను.

బయటికి రాగానే, "ఎంతసేపు పిలిచేది? నా కాల్ పోయింది" అన్నాడు.

"అమ్మ కండ్లు మూసుకోని పాడుతుండె సార్. మిమ్మల్ని సూడలే" అంది భూలక్ష్మి గబగబా.

నా కోసమే ఆ అబద్ధం. దాన్ని పట్టుకుంటే మధ్యాహ్నం భోజనం గొడవ లేకుండా గడిచిపోతుంది. మనసులోనే ఆమెకు దండం పెట్టుకున్నాను.

"చూశానండీ" అన్నాను గిరీష్‌తో. "మీరు వచ్చినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. పాట అయ్యాకే రావాలనుకున్నాను."