భాగ్య హోటల్లో మంచుదేశం పాట

కోరుట్ల బస్టాండు ఎదురుగా ఉన్న భాగ్య హోటల్లో పొద్దున మిర్చి, సాయంత్రం మిర్చి, మధ్యలో చాయ్. పాటల సంగతీ అంతే ఖాయం. పొద్దున దేవుడి పాటలు, ఎండెక్కితే సినిమా పాటలు. మొగుడు దేవేందర్ గల్ఫ్‌లో ఉన్నన్నాళ్లూ, బీడీలు చుట్టడం మానేసి ఒంటిచేత్తో ఆ హోటల్ని నిలబెట్టింది భాగ్య. ఏ డ్రైవరుకు చక్కెర తక్కువో, ఏ కండక్టరుకు అల్లం ఎక్కువో ఆమెను అడగాలి. అలాంటి హోటల్లోకి దేవేందర్ ఒక చిన్న బ్యాగుతో తిరిగొచ్చి, తన ఫోనును స్పీకరు బాక్సుకు కలిపి, ఎవరికీ అర్థం కాని పాట పెట్టాడు.

ఆ పాట మొదలైందో లేదో తెలియడానికే ఒక చాయ్ అయిపోతుంది. ఎక్కడో దూరాన గిటార్ ఉరుముతుంటుంది. ఆ ఉరుము మీద ఒక మగమనిషి సన్నటి గొంతుతో ఎవరినో పిలుస్తూ ఉంటాడు. హమ్మయ్య, అయిపోయింది అనుకునేలోపు అలాంటిదే ఇంకొకటి. ఆల్బమ్ అంతా అదే తంతు.

జగిత్యాల ఆటో నడిపే యాదగిరికి నోరు ఊరుకోదు. మొదటి రోజే తగులుకున్నాడు.

"అరబ్బీ పాటనా బావా?"

"కాదు."

"మలయాళమా?"

"కాదు. ఐస్‌లాండ్ అని ఒక దేశమున్నది. మంచు దేశం."

"మండే ఎండల మంచుదేశం పాట పెట్టి పొగలుగక్కే చాయ్ అమ్ముతున్నవా. నీకు ఆడ ఎండ బాగనే తాకినట్టుంది."

బల్లల మీదున్న వాళ్లంతా నవ్వారు. దేవేందర్ నవ్వలేదు. పాట ఆపనూ లేదు.

ఒక లారీ డ్రైవరు ఆ పాటకు బల్ల మీదే గుర్రుపెట్టి నిద్రపోయాడు. పాట ఆగగానే లేచి, ఎవడు బంద్ చేసిండని కోప్పడ్డాడు. వేములవాడ బస్సు కోసం కూర్చున్న కుటుంబం మాత్రం, దేవుని కాడికి పోతుంటే ఈ సావు పాటేందని గ్లాసులు సగంలోనే పెట్టి లేచిపోయింది. కూరగాయల కొమురవ్వకు దాంట్లో చావూ కనపడలేదు, నిద్రా రాలేదు. "దూడ తప్పిపోయిన ఆవు తీరుగున్నది," అంది. అని ఊరుకుందా, రోజూ ఆ వేళకే వచ్చి గంప దించి కూర్చోవడం మొదలుపెట్టింది.

గిరాకీ తగ్గుతోందని భాగ్యకు అర్థమైంది. నాలుగో రోజు బాక్సు వైరు పీకేసింది.

"ఇన్నేండ్లు పోయి తెచ్చింది గిదేనా?"

"గిదే," అన్నాడు దేవేందర్.

అంత నిమ్మళంగా చెప్పడంతో భాగ్యకు ఒళ్లు మండింది. మిర్చి గంటె పక్కన పెట్టి, సంగతేందో చెప్పమని నిలదీసింది. వచ్చినప్పటి నుంచి అక్కడి సంగతి మీద నోరు విప్పని మనిషి అప్పుడు విప్పాడు.

గల్ఫ్‌లో వాళ్లుండే కూలీల క్యాంపులో ఒక్కొక్క గది ఒక సంత. నేపాలీ, బెంగాలీ, మలయాళీ, బిహారీ, మనవాళ్లు. ఉన్నది ఒక్కటే బాక్సు. ఎవరి పాట పెట్టినా మిగతావాళ్లకు మంటే. పాట దగ్గర మొదలైన తగువు పక్కబట్టలు బయటికి విసిరేసేదాకా పోయేది. గంభీరావుపేట ఏసుబాబుకు సైటు మీదున్న ఐస్‌లాండ్ ఇంజనీరు పోతూపోతూ ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. ఒకనాడు తగువు మధ్యలో ఏసుబాబు అది పెట్టాడు.

"అది ఎవ్వల భాషా కాదు. అందుకే ఎవ్వలు లొల్లి పెట్టలే," అన్నాడు దేవేందర్. "కొందరు తిట్టుకున్నరు. బెంగాలాయన ఏడ్సిండు. కనీ ఎవ్వలు బంద్ చెయ్యమనలే."

తర్వాత కంపెనీ జీతాలు ఆపింది. ఆ తర్వాత అన్నమూ ఆపింది. క్యాంపులోని వాళ్లంతా వెళ్లి గేటు ముందు కూర్చున్నారు. కూర్చున్నారు సరే, ఏమని అరవాలి? ఏ భాషలో అరవాలి? ఏసుబాబు ఖాళీ పళ్లెం మీద గంటెతో కొడుతూ ఆ పాట ఎత్తుకున్నాడు. అందరికీ నోటికి వచ్చిన పాట అదొక్కటే. మాటల అర్థం ఒక్కడికీ తెలియదు. గేటు కాడి సెక్యూరిటీ వాళ్లకూ తెలియదు. తిట్టారని కేసు పెడదామంటే ఏం తిట్టారో రాసుకోవడానికి లేదు.

"తెల్లారి అన్నమొచ్చింది. వారం కాకముందే ఏసుబాబును ఎటో తీస్కపోయిండ్రు. మమ్ముల విమానం ఎక్కిచ్చిండ్రు. అప్పటిసంది వాని ఫోన్ కలుస్తలేదు."

భాగ్య లేచి, వైరు మళ్లీ పెట్టింది. అయితే హోటల్ ఆమెది కాబట్టి వంతు కూడా ఆమే వేసింది: రోజూ సాయంత్రం నాలుగింటికి మంచుదేశం పాట, దీపాలు పెట్టే వేళకు మళ్లీ మామూలు పాటలు.

ఆ వంతు మడిగె యజమాని జలపతికి నచ్చలేదు. ఆ వరుసలో అద్దెకిచ్చిన మడిగెలన్నీ, హోటల్ ఉన్న కొట్టుతో సహా, ఆయనవే. ఎవరి కొట్లో ఏ రంగు వేయాలో కూడా తానే చెప్పే మనిషి.

"చెల్లె, చావింటి లెక్కున్నది. పక్కోళ్లు గూడ మొత్తుకుంటున్నరు. రేపటిసంది అది వినవడ్డదంటే మడిగె ఖాళీ చెయ్యాలె."

ఆ రాత్రి భాగ్యకు భయం వేసింది. మడిగె పోతే మళ్లీ చాట ఒళ్లో పెట్టుకుని, మెడలు వంగేదాకా బీడీలు చుట్టాలి. ఆ తంబాకు ఘాటుకు దగ్గి దగ్గి తెల్లారిన రోజులు ఆమె మర్చిపోలేదు. పొద్దున లేవగానే, ఇయ్యాల పాట పెట్టకని మొగుడికి చెప్పింది. దేవేందర్ తల ఊపి, పొయ్యి వెలిగించాడు.

సాయంత్రం సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన బస్సు దిగి ఒక ముసలామె హోటల్ వెతుక్కుంటూ వచ్చింది. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. దేవేందర్ ఎవరని అడిగింది.

"నేను దుర్గవ్వను. ఏసుబాబు అవ్వను. నువ్వు ఫోన్ చేసి గేటు కాడి సంగతి చెప్పినవు గద బిడ్డా."

దేవేందర్ చేతిలో గ్లాసులు పక్కన పెట్టి బల్ల తుడిచాడు. భాగ్య ఆమెను కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. దుర్గవ్వ నీళ్లు తాగి, కొడుకు సంగతేమైనా తెలిసిందా అని అడిగింది. లేదన్నాడు దేవేందర్.

"వాడు ఫోన్ చేసినప్పుడల్లా ఎనుక ఏందో పాట మోగేది. నీ మాటే వినవడుతలేదు, బంద్ చెయ్ రా అని తిడుతుంటి. గా పాట నీ తాన ఉన్నదంటివి గద. ఒక్కసారి పెడుతవా బిడ్డా."

మూల బల్ల దగ్గర జలపతి చాయ్ తాగుతున్నాడు. తన మాట సాగుతోందో లేదో చూడ్డానికే వచ్చాడు. గ్లాసు దించి గొంతు సవరించుకున్నాడు. దేవేందర్ పెళ్లాం ముఖం వైపు చూశాడు.

భాగ్యకు ఒక్క క్షణం బీడీల చాట కళ్లముందు మెదిలింది. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. జలపతి మీద, కంపెనీ మీద, పొద్దున మొగుడికి వద్దని చెప్పిన తన నోటి మీద.

"పెట్టు," అంది.

"చెల్లె, నిన్న ఏం చెప్పిన నీకు?"

"చెప్పినవు, ఇన్న. మడిగె నీదే అన్నా, రేపు వచ్చి తాళం ఏసుకో. పొయ్యి నాది, గిన్నెలు నావి. గీ రోడ్డు మీదనే బండి పెట్టుకుంట. ఇయ్యాల మాత్రం గీ అవ్వ ఇనేదాంక ఎవ్వలు ఆపుతరో సూస్త."

దేవేందర్ ఆల్బమ్ పెట్టలేదు. ఫోన్లో వెతికి, ఆనాడు గేటు ముందు రికార్డు చేసి ఇంతవరకు ఎవరికీ వినిపించనిది పెట్టాడు. ముందు గాలి, పళ్లేల చప్పుడు. తర్వాత ఒక గొంతు. దాని వెనుక వందల గొంతులు, ఒక్కొక్కటి ఒక్కో యాసలో, అర్థం తెలియని ఆ మాటలను పళ్లేలు పగిలిపోయేలా పాడుతున్నాయి. సంగీతం తెలిసినవాళ్లు చెవులు మూసుకునే పాట అది. కొమురవ్వ గంప మీద చెయ్యి వేసుకుని బిగుసుకుపోయింది. యాదగిరి ఆటో ఇంజను ఆపేశాడు.

"ముందుగాల ఎత్తుకున్నది మావాడే," అంది దుర్గవ్వ.

ఆమె ఏడుస్తుందని అందరూ చూశారు. ఆమె ఏడవలేదు. చెవి బాక్సుకు ఆనించి చివరిదాకా విన్నది. జలపతి సగం చాయ్ వదిలేసి, రేపు తాళంతో వస్తానని చెప్పి వెళ్లిపోయాడు. అతని వైపు ఎవరూ తలతిప్పలేదు.

"బెదిరిండ్రా?" అని అడిగింది దుర్గవ్వ.

"ఎవలవ్వా?"

"గా కంపెనీవోళ్లు."

"బెదిరిండ్రు అవ్వా. మాకు అన్నం పెట్టిండ్రు."

"అట్లయితే మల్ల పెట్టు. ఇంకింత పెద్దగ పెట్టు."

భాగ్య బాక్సును రోడ్డు వైపు తిప్పి, సౌండు మొత్తం పెంచింది.