గ్లోరిఫెకు విడాకులొచ్చాయని చెప్పింది నేనే

గ్లోరిఫె పెసర చేను పూతకొచ్చింది. ఆ పూత మీద దొర ట్రాక్టరు తోలించాడు. మేం పాతికమంది ఆడవాళ్లం గట్టు మీద నిలబడి చూశాం. చూశామంతే. మా చేతుల్లో చెరకు నరికే కత్తులు కూడా ఉన్నాయి. ఆ సంగతి దాచి కథ చెబితే మీరు మమ్మల్ని వీరవనితలనుకుంటారు, అందుకే ముందే చెప్పేస్తున్నాను.

ట్రాక్టరు పక్కన దొర మేస్త్రీ ఎర్నింగ్ ఒక కాగితం పట్టుకుని నిలబడ్డాడు. వెనక ఇద్దరు పోలీసులు.

"పట్టాలో నా పేరు కూడా ఉంది కదా మానోంగ్," అంది గ్లోరిఫె, అతన్ని అన్నా అని పిలుస్తూ.

"నీ మొగుడి పేరు ముందుంది. వాడు దొరకి కౌలుకిచ్చాడు. ఇదిగో సంతకం."

"రోదెల్ నన్నొదిలేసి తొమ్మిదేళ్లయింది. ఎక్కడున్నాడో నాకే తెలీదు."

"దొరకి తెలిసిందిగా. చర్చిలో అందరి ముందూ వాడి చెయ్యి పట్టుకుంది నువ్వే కదా అమ్మాయ్. నేనేమన్నా పట్టుకోమన్నానా?"

పోలీసులు నవ్వారు. మాలో కూడా ఎవరో నవ్వారు, భయంతో వచ్చే నవ్వు.

ఆ రెండెకరాల కోసం గ్లోరిఫె తండ్రి పోరాడి జైలుకెళ్లాడు. పట్టా వచ్చేనాటికి ఆయన లేడు, కూతురికి పెళ్లయింది, కాబట్టి కాగితంలో ఆమె మొగుడి పేరు కూడా చేరింది. మా నేగ్రోస్ దీవిలో భూమి మాకిచ్చినట్టు ప్రభుత్వం కాగితాలిస్తుంది, కౌలు పేరుతో దొరలు వాటిని వెనక్కి గుంజుకుంటారు. మా పేట సగం తన సొంత పొలంలో దొరకి కూలి చేస్తోంది.

మొగుడంటారా, మా దేశంలో ముస్లింలకు తప్ప ఎవరికీ విడాకులు లేవు. ఆ పెళ్లి అసలు పెళ్లే కాదని కోర్టులో నిరూపించుకోవచ్చు గానీ అది లాయర్లను పోషించగల వాళ్ల పని. మాలాంటి వాళ్ల మొగుడు ఏ సెబూ దీవికో పారిపోయి ఇంకొక ఆమెతో పిల్లల్ని కన్నా, వాడి సంతకం మాత్రం ఇక్కడ మా నెత్తిన కూర్చునే ఉంటుంది.

ఇక నేను చేసిన పని చెబుతాను. నా పేరు బెబెత్. మా కూలీల సంఘానికి కార్యదర్శిని. హైస్కూలు దాటింది సంఘం మొత్తంలో నేనొక్కదాన్నే, అందుకని నేనేం చెబితే అది నమ్ముతారు.

ట్రాక్టరు తోలిన నెలకి, మే నెలలో, మధ్యాహ్నం చెరకు సాళ్ల మధ్య కూర్చుని ఎండుచేపతో అన్నం తింటున్నాం. రేడియోలో చెప్పారు: విడాకుల బిల్లు సభలో పాసైంది. నేను అన్నం గిన్నె కింద పెట్టేసి లేచాను.

"పాసైందే. గ్లోరిఫే, పాసైంది. ఇంక వాడు నీ మొగుడు కాడు."

"నిజమేనా మానాంగ్?" అంది. మానాంగ్ అంటే అక్క.

"రేడియో అబద్ధం చెబుతుందా?"

"మళ్లీ కోర్టుకీ అదీ వెళ్లాలేమో."

"కాగితాలు తర్వాత చూసుకుందాం. చట్టం వచ్చాక ఇంకేంటి భయం?"

ఆమె మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నేను ఖాయమన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

మర్నాడే దగ్యావ్ పిలిచాం, అంటే ఒకరి పొలంలో ఊరంతా కలిసి చేసే పని. కూలి లేదు, తిండి మాత్రం పొలం వాళ్లది. పేటంతా కదిలొచ్చింది. దొర నాటించిన చెరకు ముచ్చెలు పీకి గట్టు మీద కుప్పేశాం, మొక్కజొన్న పెట్టాం. గ్లోరిఫె పెద్ద కుండలో కందులు, పనసకాయ, పంది మాంసం కలిపి వండింది. మాలో పెద్దది పసింగమ్మ, అరవై దాటింది, గరిటె పట్టుకునే ఆడింది. అంత నవ్వు మా పేటలో నేను చూడలేదు.

ఆ సాయంత్రం సిసోయ్ తన దిండూ కత్తీ పట్టుకుని గ్లోరిఫె ఇంటికొచ్చాడు. సిసోయ్ చెరకు కోసేవాడు, భార్య పోయింది. నాలుగేళ్లుగా గ్లోరిఫె ఇంటికి పైకప్పు నేస్తాడు, నీళ్లు మోస్తాడు, గడప మాత్రం దాటడు. ఆమె ఆదివారం చర్చిలో పాట పాడే మనిషి, ఆమెకి మాట రాకూడదని. ఆవేళ అందరి ముందూ గడప దాటాడు. మేం చప్పట్లు కొట్టాం.

మూడు వారాల తర్వాత బకోలోద్ పట్నం నుంచి లా చదివే అమ్మాయి మా సంఘం మీటింగుకొచ్చింది. మా సంగతి విని ఆ పిల్ల ముఖం వాడిపోయింది.

"అక్కా, అది దిగువ సభలో పాసైంది. ఎగువ సభ కూడా ఒప్పుకోవాలి. తర్వాత అధ్యక్షుడు సంతకం పెట్టాలి. అప్పటిదాకా అది చట్టం కాదు."

"ఒక్క చట్టానికి రెండు సభలెందుకు?" అంది పసింగమ్మ.

"మొదటిది తొందరపడితే రెండోది ఆపడానికంట, నానాయ్," అంది ఆ పిల్ల, పెద్దామెని అమ్మా అన్నట్టు.

"ఆ రెండోదాంట్లో ఎవరుంటారు, చెరకు కోసేవాళ్లా?"

నేను గ్లోరిఫె వైపు చూడలేకపోయాను. ఆమే నా దగ్గరికొచ్చి చిన్నగా అడిగింది: "ఇప్పుడు సిసోయ్‌ని బయటికి పొమ్మనాలా మానాంగ్?"



ఆమె పొమ్మనలేదు. ఎగువ సభ ఆ బిల్లు ముట్టలేదు. దొర మాత్రం చేతులు ముడుచుకు కూర్చోలేదు. కౌలు గట్టిగా నిలబడాలంటే గ్లోరిఫె సంతకం కూడా కావాలని వాళ్ల లాయరు చెప్పాడంట. ఎర్నింగ్ పడవ మీద సెబూ వెళ్లి రోదెల్‌ని వెంటబెట్టుకొచ్చాడు. రోదెల్ పేటలోకి అడుగుపెట్టలేదు. నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లి, నా భార్య పరాయి మగాడితో కాపురం చేస్తోందని గ్లోరిఫె మీదా సిసోయ్ మీదా ఫిర్యాదు రాసిచ్చి పడవెక్కేశాడు. కౌలు కాగితం మీద ఆమె సంతకం పెడితే ఫిర్యాదు వెనక్కి. లేకపోతే ఇద్దరికీ జైలు.

"మరి వాడక్కడ చేసే కాపురమేంటి?" అని అడిగాను లా చదివే అమ్మాయిని.

"దానికీ చట్టముంది అక్కా. కానీ మగాడి మీదైతే సాక్ష్యం ఎక్కువ కావాలి, శిక్ష తక్కువ."

చర్చి అరుగు మీద మీటింగు పెట్టాం. మీటింగా అది, కొట్లాట.

"సంతకం పెట్టెయ్యవే. పొలం పోయినా మనిషి మిగులుతుంది."

"మిగిలి ఏం చేస్తుంది, దొర చేలో కలుపు తీస్తుందా?"

"జైల్లో తీస్తుందా మరి? నీకేం, నీ మొగుడు ఇంట్లోనే ఉన్నాడు."

పసింగమ్మ కర్రతో అరుగు మీద కొట్టింది. "ఇవాళ దీని పొలం. మొగుడు పారిపోయిన పట్టాలు మన పేటలో ఇంకో పన్నెండున్నాయి. ఇది సంతకం పెడితే ఎర్నింగ్ ఆ పన్నెండు మంది మొగుళ్లనీ వెతికి పట్టుకొస్తాడు."

"నా ఒక్కదాని సంగతైతే సరే," అంది గ్లోరిఫె. "సిసోయ్‌ని కూడా తీసుకెళ్తారు."

సిసోయ్ వెనక నిలబడి ఉన్నాడు. మీటింగులో ఎప్పుడూ మాట్లాడడు. "నా కోసమని సంతకం పెట్టొద్దు," అన్నాడు. అంతే.

నేను కార్యదర్శిని కదా, నేనేదో తేల్చి చెప్పాలని అందరూ నా వైపు చూశారు. ఒకసారి తేల్చి చెప్పి ఆమెని ఇక్కడిదాకా తెచ్చాను. ఈసారి గ్లోరిఫెనే తేల్చుకోమన్నాను.

అక్టోబరులో గానుగ మొదలైన వారం, పొద్దున్నే పోలీసులు వారంటుతో వచ్చారు. ఇద్దరూ మొక్కజొన్న ఒలుస్తున్నారు. చేతులు కడుక్కోనిచ్చారు, అదొక్కటే మర్యాద. ఎర్నింగ్ స్టేషన్లో కూడా కౌలు కాగితం ముందు పెట్టాడంట. ఆమె దాన్ని మడిచి తిరిగిచ్చిందంట.

మేం కత్తులు చేలోనే పారేసి స్టేషన్‌కి నడిచాం. పాతికమందిమి. ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు. స్టేషన్ మెట్ల దగ్గరికొచ్చాక పసింగమ్మ లోపల అధికారి బల్ల ముందుకెళ్లి నిలబడింది.

"నా పేరు పసింగ్. నా మొగుడు చావలేదు, ఇలోయిలోలో ఉన్నాడు. నేను పద్దెనిమిదేళ్లుగా ఇంకొకడితో ఉంటున్నా. రాసుకో."

అధికారి తలెత్తాడు. "మీ ఆయన ఫిర్యాదు చేశాడా?"

"లేదు."

"అయితే కేసు లేదు. ఇంటికెళ్లు నానాయ్."

"అంటే చేసిన పని నేరం కాదన్నమాట. మొగుడు ఊ అంటేనే నేరం."

ఆమె పక్కకి జరగలేదు. వెనక ఇంకొకామె వచ్చింది. తన పేరు, వదిలేసిపోయిన వాడి పేరు, ఇప్పుడున్న వాడి పేరు చెప్పింది. ఆమె వెనక ఇంకొకామె. చర్చిలో కూడా చెప్పుకోని మాటలు పోలీసుల ముందు చెబుతున్నారు. మెట్ల మీద గుంపు పెరిగింది. మూడు నెలల క్రితం పెళ్లయిన పిల్ల కూడా వరసలో నిలబడింది.

"నీకేమైందమ్మా?" అన్నాడు అధికారి విసుగ్గా.

"నాకేం కాలేదు. మా ఆయన మంచోడే. కానీ రేపెలా ఉంటాడో ఎవరికి తెలుసు, ముందే రాసుకోండి."

అతను రిజిస్టరు మూసేశాడు. ఒక్క పేరూ రాయలేదు. వెనక తలుపు నుంచి ఇద్దరినీ జీపెక్కించారు. సిసోయ్ తల వంచుకున్నాడు. గ్లోరిఫె మమ్మల్నందర్నీ చూసింది. మేం పాతికమందిమి, జీపుకి అడ్డంగా పడుకోలేదు, చక్రాలు ఊడదీయలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. అప్పుడు వెళ్లి బల్ల ముందు నిలబడ్డాను.

"నీకు పెళ్లే కాలేదు కదా బెబెత్," అన్నాడు అధికారి.

"నా నేరం వేరే. నీకు విడాకులొచ్చాయని ఆమెకి చెప్పింది నేను. ఇంక వాడు నీ మొగుడు కాడన్నాను. అది రాసుకో."

"అలా చెప్పడం నేరం కాదు."

"కాదా?"

"కాదు. వెళ్లు."

నేను మెట్ల మీదకొచ్చి అందరి వైపూ తిరిగాను. జీపు అప్పటికే మలుపు దాటిపోయింది. గ్లోరిఫెకి వినిపించదని తెలుసు.

"అలా చెప్పడం నేరం కాదంట," అన్నాను. "మొగుళ్లు పారిపోయిన ఆ పన్నెండు మందీ ముందుకి రండి. ఒక్కొక్కరికీ అదే చెబుతాను, ఇంక వాడు నీ మొగుడు కాడని."

పన్నెండు మందీ వచ్చారు.